పక్క స్కూలు ఏటీఎల్ నుంచి రోబోటిక్స్ కిట్లు నాలుగు రోజులు అడిగి తెచ్చుకోవచ్చా?

సుద్దముక్క:

అందరికీ నమస్కారం. పల్నాడు జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. తొమ్మిదో తరగతిలో 42 మంది. వచ్చే వారం ధ్వని పాఠం మొదలుపెట్టాలి. ప్రతిధ్వని, సోనార్ (శబ్దం పంపి సముద్రం లోతు కొలవడం) అంటే ప్రతి ఏడాదీ ఒకటే పని, బోర్డు మీద ఓడ గీయడం, కింద సముద్రం అడుగు గీయడం, పోయే బాణం ఒకటి, వచ్చే బాణం ఒకటి. లెక్కలు పిల్లలు చేసేస్తారు, మార్కులూ వస్తాయి. కానీ చివర్లో రెండుతో ఎందుకు భాగిస్తున్నాం సార్ అని ఎవడో ఒకడు అడుగుతాడు, అడగని నలభై మందికి తెలుసని నాకైతే నమ్మకం లేదు.

మాకు ఏడు కిలోమీటర్ల దూరంలో ఇంకో స్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ (ఏటీఎల్) ఉంది, పిల్లలు ఎలక్ట్రానిక్స్, రోబోలు చేసి నేర్చుకునే గది. స్కూల్ కాంప్లెక్స్ టీచర్ల మీటింగ్‌కి వెళ్లినప్పుడు చూశాను. ఆర్డ్యూనో బోర్డులు (ప్రోగ్రాం ఎక్కించి నడిపేవి), శబ్దంతో దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్లు, పసుపు రంగు మోటార్లు, మైక్రోబిట్లు అనే ఇంకో రకం బోర్డులు రెండు మూడు కూడా అద్దాల బీరువాలో ఉన్నాయి. కొన్నింటికి ప్లాస్టిక్ కవర్ కూడా తీయలేదు. నాలుగు రోజులు ఇవ్వండి సార్ అని అక్కడి హెచ్ఎం గారిని అడిగితే "మా స్టాక్ రిజిస్టర్‌లో ఉన్నవి బయటికి ఎలా ఇస్తామండీ, రేపు ఆడిట్‌లో ఎవరు చెబుతారు" అన్నారు. కోపంగా కాదు, పాపం భయంగానే అన్నారు. మా హెచ్ఎం గారు "మనకెందుకు లేవయ్యా ఈ తలనొప్పి" అన్నారు.

నా ప్రశ్నలు ఇవీ. ఇలా అడిగి తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా, కాగితం మీద ఏం రాసిచ్చారు? ఏదైనా కాలిపోతే ఎవరి జేబు? మా ల్యాబ్‌లో పనిచేసే కంప్యూటర్లు రెండే, తరగతి గదిలో ఐఎఫ్‌పీ ప్యానెల్ (ముట్టుకుంటే పనిచేసే పెద్ద తెర) ఒకటి ఉంది, వీటితో 42 మందికి ఎలా నడపాలి? నేను కోడింగ్ నేర్చుకున్నవాడిని కాదు, యూట్యూబ్ చూసి ఒక ఎల్ఈడీ వెలిగించిన అనుభవం మాత్రం ఉంది.

తాళంచెవి:

సార్, నేను బీరువాకి అవతలి వైపు ఉన్నవాణ్ని, అంటే ఏటీఎల్ ఇన్‌చార్జిని, వేరే జిల్లా. అసలు విషయం ఏమిటంటే మేం ఇవ్వకపోవడానికి పిసినారితనం కారణం కాదు, రిజిస్టర్ భయం. ఈ ల్యాబ్ పెట్టుకోవడానికి మా స్కూలుకు వచ్చింది 20 లక్షలు, అందులో 10 లక్షలు సామానుకీ గదికీ ఒకేసారి, మిగతా 10 లక్షలు ఐదేళ్ల నిర్వహణకి. ప్రతి వస్తువూ ఇన్‌చార్జి సంతకం మీద ఉంటుంది. రేపు నాకు ట్రాన్స్‌ఫర్ అయితే ఛార్జి అప్పగించే రోజు ఒక్క బోర్డు తక్కువొస్తే నేను చెప్పుకోవాలి. అందుకే చాలామంది కవర్ కూడా తీయరు. కొత్తగా ఉంటే లెక్క సరిగ్గా ఉంటుంది కదా అని. తప్పే, కానీ ఆ కుర్చీలో కూర్చుంటే తెలుస్తుంది.

ఒకసారి నేను ఇచ్చాను. ఏ స్కూలో చెప్పను. నాలుగు రోజులన్నవి ఐదు వారాలకు వచ్చాయి, అన్నీ ఒక సిమెంటు సంచిలో కలిపి తెచ్చారు. జంపర్ వైర్లు జడ వేసినట్టు చుట్టుకుపోయి ఉన్నాయి. సెన్సర్లు ఆరు ఇస్తే ఆరూ ఉన్నాయి, రెండు పనిచేయలేదు. తెచ్చిన మాస్టారు "లెక్క సరిపోయింది కదా" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను, ఇవ్వడం మాత్రం మానలేదు. బయటికి పోయే సామాను కోసం ప్రత్యేకంగా పెట్టెలు పెట్టాను, చెప్పుల పెట్టెలకంటే కొంచెం పెద్దవి వస్తాయి చూడండి, ప్లాస్టిక్‌వి, అవి. ఒక్కో పెట్టెలో ఒక ఆర్డ్యూనో, దాని కేబుల్, ఒక సెన్సర్, ఒక బ్రెడ్‌బోర్డు (వైర్లు గుచ్చే పలక), వైర్లు పది, ఎల్ఈడీలు ఐదు, రెసిస్టర్లు ఐదు, ఒక బజర్. అన్నీ ఒక తెల్ల కాగితం మీద పరిచి ఫోన్‌లో ఫొటో తీసి, ప్రింటు తీసి మూత లోపల అతికించాను. తిరిగి పెట్టేటప్పుడు పిల్లాడు ఫొటో చూసి పెడతాడు, ఏది లేదో వాడికే ముందు తెలుస్తుంది. జాబితా రాసి పెడితే ఎవరూ చదవరు సార్, ఫొటో అయితే చూస్తారు.

కాగితం సంగతి. మీరు ఒక్కరే వెళ్లి అడిగితే మాస్టారు మాస్టారు మాట్లాడుకున్నట్టు ఉంటుంది, అది పనికిరాదు. మీ హెచ్ఎం గారి సంతకంతో వాళ్ల హెచ్ఎం గారికి లెటరు పోవాలి, కాపీ ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి. అందులో తేదీలు, వస్తువుల పేర్లు, సంఖ్య, ఇంకో ముఖ్యమైన ముక్క, "ఎల్ఈడీలు, వైర్లు, బ్యాటరీలు వినియోగమయ్యే వస్తువులుగా పరిగణించగలరు" అని. ఈ వాక్యం ఉంటే సగం టెన్షన్ పోతుంది, ఎందుకంటే కన్స్యూమబుల్స్ పోతే ఎవరూ అడగరు, వాడితే పోయేవే అవి. బోర్డు, సెన్సర్, మోటారు మాత్రమే లెక్క. వాటిలో ఏది పోయినా కొత్తది కొనిస్తాం అని మీ స్కూలు తరఫున రాయండి. ఇచ్చేటప్పుడు ప్రతి బోర్డుకీ కరెంటు పెట్టి వెలుగుతోందని ఇద్దరూ చూసుకుని సంతకాలు పెట్టుకోండి. ఇది మాత్రం వదిలేయకండి, ఇచ్చినప్పుడే చచ్చిపోయి ఉన్న సెన్సర్ మీ ఖాతాలో పడుతుంది.

త్రీడీ ప్రింటర్ అడగకండి. దాన్ని కదిలిస్తే మళ్లీ సర్దుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది, అది కూడా ఇదే గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు.

కోఠీ_రాజు:

ఇంత కథ అవసరమా మాస్టారూ? క్లోన్ ఉనో బోర్డు, అంటే ఆర్డ్యూనోకి నకలు, నాలుగైదు వందలు, సెన్సర్ వంద లోపు. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వచ్చి గంటలో ఆరు సెట్లు కొనుక్కుని పోవచ్చు, లేదా ఆన్‌లైన్‌లో పెట్టేయండి. లెటర్లు, సంతకాలు, ఎంఈఓలు... మూడు నాలుగు వేలతో పోయేదానికి మూడు ఆఫీసులు తిరగాలా?

సుద్దముక్క:

కొనొచ్చు సార్. సుద్దముక్కలు, చార్టులు, ఇన్‌స్పైర్ మనక్ (పిల్లల సైన్స్ పోటీ) ప్రాజెక్టులకి థర్మోకోల్, ఇవన్నీ ఇప్పటికే జేబులోంచే. ఏడు కిలోమీటర్ల దూరంలో ప్రభుత్వం డబ్బుతో కొన్నవి కవర్లలో ఉండగా నేను మళ్లీ కొనడం నాకు నచ్చడం లేదు, అంతే.

కోఠీ_రాజు:

అది కరెక్టే. కాకపోతే ఒక సెట్టు మీ సొంతానికి కొనుక్కోండి, రాత్రి ఇంట్లో పాడుచేసుకోవడానికి. అడిగి తెచ్చిన దాని మీద నేర్చుకోలేం, చెయ్యి వణుకుతుంది.

బ్యాక్‌బెంచ్_బీటెక్:

కోఠీ రాజు గారి రెండో మాట బంగారం. నేను ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ చదివాను, కాలేజీ తరఫున మూడేళ్లు స్కూళ్లకి తిరిగి వర్క్‌షాపులు చేశాం. ఎక్కడెక్కడ ఆగిపోతుందో చెబుతాను, ఇవన్నీ మాకు పిల్లల ముందు జరిగినవే.

ముందు కేబుల్. బోర్డుకి పెట్టగానే లైటు వెలుగుతుంది, కంప్యూటర్ మాత్రం పట్టించుకోదు. గంట కొట్టుకుంటాం. చివరికి చూస్తే అది ఛార్జింగ్ కేబుల్, డేటా వైర్లు లోపల ఉండవు. రెండోది డ్రైవర్, అంటే కంప్యూటర్ బోర్డును గుర్తుపట్టడానికి ఎక్కించే సాఫ్ట్‌వేర్. క్లోన్ బోర్డుల్లో యూఎస్‌బీ కోసం సీహెచ్340 అనే చిప్ ఉంటుంది, పాత విండోస్‌లో దాని డ్రైవర్ మనమే ఎక్కించాలి, ఆ రోజు స్కూల్లో నెట్ ఉండదు. కాబట్టి డ్రైవర్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లండి. ముందురోజే మీ రెండు కంప్యూటర్లలో ఎక్కించేస్తే ఇంకా మేలు.

42 మందికి రెండు కంప్యూటర్లు అన్నారు. అసలు తరగతిలో కంప్యూటరే వద్దు. ఆర్డ్యూనోలోకి ఒకసారి ప్రోగ్రాం ఎక్కిస్తే కరెంటు తీసేసినా అది అందులోనే ఉంటుంది. ముందురోజు సాయంత్రం ఆరు బోర్డుల్లోకీ ఒకటే ప్రోగ్రాం ఎక్కించేయండి. తరగతిలో ఫోన్ ఛార్జర్ అడాప్టర్‌తో కరెంటు ఇస్తే చాలు. పవర్‌బ్యాంకు పెడదామనుకుంటారేమో, బోర్డు లాగే కరెంటు మరీ తక్కువ కాబట్టి కొన్ని పవర్‌బ్యాంకులు "ఇక్కడ ఏమీ లేదు" అనుకుని నిమిషంలో ఆగిపోతాయి. పిల్లలు బోర్డు చచ్చిపోయిందనుకుంటారు. మీరు కూడా.

కాలిపోయేవి ఏమిటంటే, ఎక్కువగా సెన్సర్లు. హెచ్‌సీ-ఎస్ఆర్04కి, అంటే ఈ అల్ట్రాసోనిక్ సెన్సర్‌కి నాలుగు కాళ్లు, వీసీసీ (కరెంటు వచ్చేది), ట్రిగ్, ఎకో, గ్రౌండ్ (కరెంటు తిరిగి పోయేది). మొదటిదీ చివరిదీ తారుమారైతే వేడెక్కి పోతుంది. అందుకని వీసీసీకి ఎప్పుడూ ఎర్ర వైరు, గ్రౌండ్‌కి ఎప్పుడూ నల్ల వైరు అని పిల్లలకి ముందే చెప్పండి. ఆ రెండు రంగులు ఇంక దేనికీ వాడొద్దు. వైర్లు పెట్టాక మీరు చూసి సరే అన్నాకే కరెంటు, అది మాత్రం కచ్చితంగా.

ఇప్పుడు మీ రెండుతో భాగించే గొడవ. ఈ సెన్సర్ చేసేది అచ్చంగా మీ ఓడ పనే. 40 కిలోహెర్ట్‌జ్ శబ్దం ఒకటి వదులుతుంది, మన చెవికి 20 దాటితే వినపడదు కదా, కాబట్టి నిశ్శబ్దంగానే ఉంటుంది. ఎదురుగా తగిలి వచ్చేదాకా ఎన్ని మైక్రోసెకన్లు పట్టిందో చెబుతుంది. ప్రోగ్రాంలో దూరం చూపించకండి, వట్టి సమయం చూపించండి. మీటరు దూరంలో గోడ పెడితే 5800 దరిదాపుల్లో వస్తుంది. దూరం ఎంతో పిల్లల్నే కట్టమనండి. రెండు మీటర్లు వస్తుంది. స్కేలు పెట్టి కొలిస్తే ఒకటే ఉంటుంది. అప్పుడు వాళ్లే తలలు గోక్కుంటారు, మీరు నోరు మెదపకండి.

సుద్దముక్క:

చివరి పేరా చదివి లేచి నిలబడ్డాను. నేను నేరుగా సెంటీమీటర్లే చూపిద్దామనుకున్నా. సమయం చూపించాలంటే ఒక కంప్యూటర్‌ని ఐఎఫ్‌పీకి కలిపితే సరిపోతుందా?

బ్యాక్‌బెంచ్_బీటెక్:

సరిపోతుంది సార్, ఒక బోర్డు ఆ కంప్యూటర్‌కి, సీరియల్ మానిటర్ (బోర్డు పంపే అంకెలు కనిపించే విండో) తెరిచి పెద్ద తెర మీద పెట్టండి. మిగతా ఐదింటికీ పదహారు అక్షరాల రెండు వరుసల ఎల్‌సీడీ ఏటీఎల్‌లో ఉంటే అడగండి. లేకపోతే దగ్గరికొస్తే బజర్ మోగేలా పెట్టండి, కారు రివర్స్ గేరు లాగా. ఎంత దగ్గరో అది చెప్పదు కానీ గదంతా గోల గోలగా ఉంటుంది, పిల్లలకి అదే కావాలి.

నాలుగో_పీరియడ్:

నల్గొండ నుంచి, బయాలజీ టీచర్‌ని. టెక్నికల్ సంగతులు నాకు తెలియవు. మా స్కూల్‌కి ఒక ఫౌండేషన్ వాళ్లు ఇట్లాంటి కిట్లు తెచ్చి రెండు రోజులు చేయించినప్పుడు వెనక నిలబడి చూసిన. గ్రూపుకి ఏడుగురు. పెట్టె తెరవంగనే మగపిల్లలు వైర్లు అందుకున్నరు, ఆడపిల్లలకి నోట్‌బుక్ ఇచ్చి "నువ్వు రీడింగ్ రాయి" అన్నరు. ఎవరూ చెప్పలేదు, దానంతట అదే అయిపోయింది. ఒక పాప రెండు రోజులూ రాసుకుంటనే ఉంది, అక్షరాలు ముత్యాల్లెక్క ఉన్నయి, వైరు మాత్రం ముట్టలేదు. మీరు గ్రూపులు చేసేటప్పుడు పది నిమిషాలకొకసారి చప్పట్లు కొట్టి అందరినీ ఒక కుర్చీ పక్కకి జరగమనండి సార్. వైర్ల దగ్గర ఎవరు కూర్చుంటే వాళ్లదే పని.

ఇంకోటి, కుప్పంలో అగస్త్య ఫౌండేషన్ ఉంది కదా, వాళ్ల మొబైల్ ల్యాబ్ వ్యాన్లు స్కూళ్లకే వస్తయి, సామాన్లతో పాటు చెప్పే మనిషి కూడా వస్తడు. రోబోటిక్స్ కాకపోయినా సైన్స్ మోడల్స్ చాలా ఉంటయి. కిట్టు ఒక్కటే తెచ్చుకోవడం కంటే మనిషితో పాటు తెచ్చుకోవడం తేలిక అని నా అభిప్రాయం.

తాళంచెవి:

మేడం చెప్పిన కుర్చీ జరగడం రేపే మా ల్యాబ్‌లో పెడతాను. మనిషితో పాటు అన్న మాట కూడా నిజం. సుద్దముక్క గారూ, ఆ స్కూల్లో ల్యాబ్ వాడే పిల్లలు ఇద్దరు ముగ్గురు కచ్చితంగా ఉంటారు. కిట్లతో పాటు వాళ్లను కూడా ఒక పూట పంపమనండి. ఏటీఎల్ వాళ్లకి చుట్టుపక్కల పిల్లలను కలుపుకోవాలనే మాట ఎలాగూ ఉంది, కమ్యూనిటీ డే అని చేస్తాం కూడా. వాళ్ల హెచ్ఎం గారికి ఫొటోతో రిపోర్టు రాసుకోవడానికి ఒక కార్యక్రమం దొరుకుతుంది. "మాకు సామాను ఇవ్వండి" అంటే భయం వేస్తుంది, "మీ పిల్లలు వచ్చి మా పిల్లలకి నేర్పుతారా" అంటే ఎవరైనా మెత్తబడతారు.

డల్లాస్_తెనాలి:

నేను ఇక్కడ అమెరికాలో ఎలిమెంటరీ స్కూల్లో సబ్‌స్టిట్యూట్ టీచర్‌ని, మా అమ్మ తెనాలి దగ్గర టీచర్‌గా రిటైర్ అయ్యారు. మా ఊరి పబ్లిక్ లైబ్రరీలో పుస్తకాలతో పాటు మైక్రోబిట్ కిట్లు, మేకీ మేకీ కిట్లు ఇంటికి ఇస్తారు. పుస్తకానికి ఉన్నట్టే పెట్టెకి బార్‌కోడ్ ఉంటుంది. తాళంచెవి గారు చెప్పిన ఫొటో ఇక్కడా మూతకి అతికించే ఉంటుంది, చదివి నవ్వొచ్చింది. ఒకసారి మా అబ్బాయి మేకీ మేకీ క్లిప్ ఒకటి పోగొట్టాడు, నేను బిక్కమొహం వేసుకుని వెళ్తే డెస్క్ దగ్గర ఆవిడ సొరుగు తెరిచి ఒక డబ్బా చూపించింది, దాని నిండా విడి క్లిప్పులే. ఒకటి తీసి పెట్టెలో వేసి మూసేసింది. అంతే, నన్ను సంతకం కూడా అడగలేదు.

మేకీ మేకీ గురించి ఒక మాట, కోడింగ్ రాని టీచర్లకి అది చాలా తేలిక. కంప్యూటర్ దాన్ని కీబోర్డు అనుకుంటుంది. అరటిపండుకి క్లిప్ పెడితే అది స్పేస్ బార్. విద్యుత్ వాహకాలు, బంధకాలు పాఠానికి దానికంటే మంచిది నేను చూడలేదు. మా క్లాసులో పదిమంది పిల్లలు చేతులు పట్టుకుని నిలబడి, మొదటి వాడు ఎర్త్ క్లిప్ పట్టుకుని, చివరి వాడు అరటిపండు ముట్టుకుంటే పాట మోగింది, మధ్యలో ఒకడు చెయ్యి వదిలితే ఆగిపోయింది.

తాళంచెవి:

ఆ సొరుగులో డబ్బా మాకు కావాలి మేడం. మిగతావన్నీ ఉన్నాయి.

సుద్దముక్క:

మూడు వారాల తర్వాత వస్తున్నాను, పరీక్షల పని వల్ల ఆలస్యం.

లెటరు తాళంచెవి గారు చెప్పినట్టే రాశాం. మా హెచ్ఎం గారు సంతకం పెట్టే ముందు "కొత్తది కొనిస్తాం" అన్న దగ్గర ఆగి, ధర ఎంత అని అడిగారు. చెప్పాను. "ఇంతేనా" అని పెట్టేశారు. అన్నాళ్లూ ఆయన ఒక్కోటీ పాతిక వేలు అనుకుంటున్నారట. వాళ్ల హెచ్ఎం గారు "పిల్లల్ని కూడా పంపండి" అన్న లైను చదివి నిజంగానే మెత్తబడ్డారు. పదో తరగతి అమ్మాయిలు ఇద్దరిని, ఇన్‌చార్జి మాస్టారిని ఆటోలో పంపారు. ఆరు సెట్లు. ఇచ్చే ముందు వెలిగించి చూస్తే ఒక సెన్సర్ అక్కడే పనిచేయలేదు. అది చూడకుండా తెచ్చుకుని ఉంటే నా పని అయిపోయేది.

మొదటి రోజు సగం పీరియడ్ వృథా. నా కంప్యూటర్ బోర్డును గుర్తుపట్టలేదు. డ్రైవర్ ముందే ఎక్కించాను, కేబుల్ కూడా మార్చాను. చివరికి ఆ ఇద్దరిలో ఒకమ్మాయి వచ్చి మెనూలో పోర్టు సరైనది ఎంచుకుని వెళ్లి కూర్చుంది. ఏమీ అనలేదు, కానీ నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

రెండో రోజు సమయం తెర మీద పెట్టాను. ధ్వని వేగం సెకనుకి 340 మీటర్లతో గుణించి దూరం కట్టమన్నాను. ఒక గ్రూపు రెండు మీటర్లు అంది, ఇంకో గ్రూపు కూడా అంతే. స్కేలు తెచ్చి కొలిచారు, ఒకటే. సెన్సర్ చెడిపోయింది సార్ అన్నారు. నోరు మెదపకుండా ఉండడం ఎంత కష్టమో బీటెక్ గారికి తెలుసో లేదో. నాలుగు నిమిషాలు ఆగాను. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, గోడ దాకా నడిచి, ముట్టుకుని, తిరిగి సెన్సర్ దగ్గరికి వచ్చి "ఇట్ల పోయి ఇట్ల వచ్చింది సార్, రెండు సార్లు నడిచింది" అన్నాడు. నేను ఇన్నేళ్లూ ఓడతో చెప్పింది వాడు కాళ్లతో చెప్పాడు.

ఇంకో తమాషా. రెండుతో భాగించాక కూడా మీటరు రాలేదు, 96 సెంటీమీటర్లే వస్తోంది. ప్రతి గ్రూపుకీ 96, 97. స్కేలు తప్పా అనుకున్నాం. తర్వాత పుస్తకం తిప్పితే 0 డిగ్రీల దగ్గర ధ్వని వేగం 331, 22 డిగ్రీల దగ్గర 344 అని మా పాఠంలోనే ఉంది. అంటే డిగ్రీకి 0.6 చొప్పున పెరుగుతోంది. ఒంటిపూట బడి, పదకొండు గంటలు, గదిలో 37 డిగ్రీలు. లెక్క కడితే 353. ఆ వేగం పెట్టి చేస్తే మీటరు సరిగ్గా వచ్చింది. అంటే ఎండను కూడా కొలిచినట్టే కదా సార్ అని ఒకమ్మాయి అడిగింది. కుర్చీలు జరిపినప్పుడు వైర్ల దగ్గరికి వచ్చిన అమ్మాయే, నాలుగో పీరియడ్ మేడం గారికి చెప్పాలనిపించింది.

గోడకి బదులు స్కూలు బ్యాగు అడ్డం పెడితే ఒకసారి 40, ఒకసారి 300, నోటికొచ్చిన అంకెలు. శబ్దాన్ని పీల్చుకునే మెత్తటి వస్తువుల గురించి చెప్పడానికి నాకు వేరే పీరియడ్ పట్టలేదు.

నష్టం లెక్క. ఎల్ఈడీలు ఏడు పోయాయి, కరెంటు తగ్గించే రెసిస్టర్ లేకుండా పెట్టారు. సెన్సర్లు అన్నీ క్షేమం. ఒక బజర్ కనిపించలేదు. పెట్టెల మూత ఫొటోలు చూసి పెట్టమంటే ఐదు నిమిషాల్లో సర్దేశారు, ఆ ఒక్కటి తప్ప. రెండు రోజుల తర్వాత సైకిల్ స్టాండ్ దగ్గర కూత వినిపించింది. వెళ్లి చూస్తే ఎనిమిదో తరగతి వాడి సైకిల్ హ్యాండిల్‌కి బ్యాటరీతో కట్టి ఉంది. తొమ్మిదో తరగతి అన్న ఇచ్చాడట, ఇద్దరూ కలిసి హారన్ చేశారు. స్విచ్ కూడా పెట్టారు, పెన్ను రీఫిల్ స్ప్రింగుతో.

తాళంచెవి సార్, బజర్ కన్స్యూమబుల్ కిందికి వస్తుందా?

తాళంచెవి:

లెటర్లో రాయలేదు కాబట్టి రాదు. ఇరవై రూపాయలది కొత్తది కొని పెట్టెలో వేసేయండి, ఆ హారన్ మాత్రం విప్పకండి.